నైట్‌హాల్ట్ కండక్టరు టెలిస్కోపు

ఎర్రదొడ్డిపల్లె నైట్‌హాల్ట్ డ్యూటీని గిద్దలూరు డిపోలో ఎవరూ అడిగి వేయించుకోరు. సాయంత్రం ఐదు నలభైకి బస్సు తీసి, రాచర్ల మీదుగా ఏడు గంటలకు ఆ ఊరు చేరాలి. రాత్రికి బస్సులోనే పడుకుని, పొద్దున ఐదున్నరకు మళ్ళీ బయల్దేరాలి. దోమలు, నడుము పట్టేసే సీట్లు, వానొస్తే కారే టాపు. కండక్టర్ జీవానందం మాత్రం ఏడేళ్ళుగా కావాలని ఆ డ్యూటీనే చేస్తున్నాడు. ఎందుకయ్యా అంటే, అక్కడ గాలి బాగుంటుందనేవాడు. అసలు సంగతి చెప్పడానికి ఆయనకు సిగ్గు. ఆ ఊరి అవతల కొండలు తప్ప ఏమీ లేవు. బస్సు లైట్లు ఆర్పితే చాలు, ఆకాశం కిందికి దిగి వచ్చినట్టు ఉంటుంది. ఆయన వెళ్ళేది దానికోసం.

జీవానందం నాయన మార్కాపురంలో పలకల గనిలో పనిచేసేవాడు. కొడుకు మిషన్ హాస్టల్లో ఉండి ఇంటరు పాసై, డిగ్రీలో ఫిజిక్సు తీసుకున్నాడు. ఒకసారి ల్యాబులో కటకం నాభ్యంతరం కొలిస్తే మిల్లీమీటరు కూడా తేడా రాలేదు. లెక్చరరు ఆ రికార్డు పుస్తకాన్ని క్లాసంతా తిప్పి చూపించాడు. ఆ మరుసటేడే నాయన ఊపిరితిత్తులు రాతిదుమ్ముతో పాడైపోయినాయి. చదువు ఆగింది. కొన్నాళ్ళు అవీ ఇవీ చేసి, ఆర్టీసీలో కండక్టరైనాడు. లెక్చరరు రికార్డు చూపించిన రోజు గురించి ఆయన ఎవరితోనైనా చెప్పాడంటే అది భార్య స్టెల్లా ఒక్కదానితోనే.

యాభై మూడో ఏట, ఒక నవంబరులో, ఆయన ఆన్‌లైన్‌లో టెలిస్కోపు తెప్పించుకున్నాడు. మామూలుది కాదు, కంప్యూటరుది. రిమోటులో పేరు నొక్కితే తనంతట తానే తిరిగి ఆ గ్రహం వైపు నిలబడుతుందని రాసి ఉంది. స్టెల్లా గిద్దలూరు ప్రభుత్వాసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి హాల్లో పెద్ద అట్టపెట్టె. దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"నీకోసమని నువ్వు ఏమన్నా కొనుక్కోవడం నేను ఇదే చూడటం" అంది. "దీన్ని చూసుకుంటూ అన్నం మర్చిపోవద్దు, అంతే."

ఆదివారం మిద్దె మీద బిగించాడు. మూడు కాళ్ళ స్టాండు, దాని మీద మోటారు, మోటారుకు చేతి పొడుగు తెల్ల గొట్టం. గొట్టం పక్కన గురి చూసుకోవడానికి చిన్న ఎర్ర చుక్క కనపడే అద్దం. ముందు పగటిపూట దూరంలో ఉన్న వస్తువుకు ఆ రెండిటినీ సరిచేసుకోవాలట. సెల్ టవరుకు గురిపెట్టాడు. టవరు కొసన కూర్చున్న కాకి తలకిందులుగా కనిపించింది. పాడైపోయిన వస్తువు అంటగట్టారేమోనని కంగారుపడి పుస్తకం తిప్పితే, ఈ రకంలో అట్లనే కనపడుతుందని ఉంది. గంటసేపు ఆ కాకినే చూశాడు.

ఊళ్ళో వీధిదీపాల వెలుగుకు చుక్కలు ఆనవు. డిసెంబరు మూడో తేదీన పెట్టెను బస్సు వెనక సీటు కింద పెట్టుకుని ఎర్రదొడ్డిపల్లెకు తీసుకుపోయాడు.

డ్రైవరు మాలకొండయ్యకు అది నచ్చలేదు. ఆయనది కురిచేడు వైపు రైతు కుటుంబం. ఇంకో ఐదారు నెలల్లో రిటైరవుతాడు. మనిషి కటువుగా మాట్లాడతాడు గాని, ఏడేళ్ళుగా ఇద్దరూ ఒక క్యారేజీలో కూర, ఒక క్యారేజీలో చారు పంచుకుని తింటున్నారు.

"ఏంది జీవా, చర్చికి కీబోర్డు తెచ్చినావా?"

"టెలిస్కోపు అన్నా."

"ఇంటికాడ పనేం లేదా నీకు?" అని మాలకొండయ్య దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

బస్సు ఆగేచోట శేషమ్మ ఇల్లు. డెబ్బై దాటిన మనిషి. జీవాలు మేపే కుటుంబం. డ్రైవరుకూ కండక్టరుకూ వేడినీళ్ళు ఆవిడే కాచి ఇస్తుంది. ఆవిడ వాకిట్లోనే జీవానందం స్టాండు నిలబెట్టాడు. రిమోటు ఊరి పేరు అడిగింది. దాని జాబితాలో గిద్దలూరే లేదు, ఇక ఎర్రదొడ్డిపల్లె ఎక్కడుంటుంది? ఫోను చూసి అక్షాంశం, రేఖాంశం నొక్కాడు. టైము, తేదీ నొక్కాడు. తర్వాత ఆకాశంలో ఏవైనా మూడు మెరిసే చుక్కలకు ఒకదాని తర్వాత ఒకటి గురిపెట్టమంది. పేర్లు తెలియకపోయినా పర్వాలేదు, లెక్క తానే చూసుకుంటానంది. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. పడమర ఒకటి, తూర్పున ఒకటి, ఈశాన్యాన ఒకటి చూపించాడు. రిమోటు కాసేపు ఆలోచించి, కుదరలేదు, మళ్ళీ మొదలుపెట్టమని ఇంగ్లీషులో చెప్పింది.

మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే. నాలుగోసారికి బ్యాటరీలు అయిపోయినాయి.

వాళ్ళకు డ్యూటీ రోజు విడిచి రోజు. ఐదో తేదీన శేషమ్మ ఇంట్లోని మందుకొట్టే స్ప్రేయరు బ్యాటరీ అడిగి వైరు కలిపాడు. కరెంటు సమస్య తీరింది గాని, అసలు సమస్య తీరలేదు. ఏడో తేదీన ఎట్లనో కుదిరిందని చెప్పింది. సంతోషంగా శనిగ్రహం నొక్కాడు. మోటారు గురగురమంటూ తిరిగి తిరిగి శేషమ్మ గొర్రెల దొడ్డి మీద ఆగింది.

"దొడ్లో ఉన్నాడా నాయనా శనేశ్వరుడు?" అంది శేషమ్మ. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

తొమ్మిదిన స్టాండు కాళ్ళకింద పలకలు పెట్టి మట్టం సరిచూశాడు. పదకొండున రిమోటును కొత్తగా కొన్నప్పటి స్థితికి తెచ్చి మొదటి నుంచి చేశాడు. ఏం చేసినా అంతే. వెనక్కి పంపేద్దామని స్టెల్లాతో అన్నాడు. డిగ్రీలో కొలత తప్పని చెయ్యి ఇప్పుడు ఎందుకు తప్పుతోందో ఆయనకు అర్థం కాలేదు. వయసు మీద పడిందేమో, నాకు ఇక ఇవి ఎక్కవేమో అనిపించింది.

పదమూడో తేదీన చివరిసారిగా చూద్దామని తేదీ నొక్కాడు. ఒకటి, మూడు. రిమోటు ఆ అంకెను తీసుకోలేదు. మళ్ళీ నొక్కాడు. తీసుకోలేదు. పాడైందనుకుని పక్కన పెట్టబోతుండగా తట్టింది. అది అమెరికావాళ్ళ లెక్క. ముందు నెల, తర్వాత తేదీ. పదమూడో నెల లేదు కాబట్టి ఒప్పుకోవడం లేదు. ఇన్నాళ్ళూ మూడో తేదీన దానికి మార్చి అని చెప్పాడు, ఐదో తేదీన మే అని, ఏడో తేదీన జూలై అని. రోజుకో నెల చెప్తుంటే అది మాత్రం ఏం చేస్తుంది?

పన్నెండు నొక్కి, పదమూడు నొక్కాడు. మూడు చుక్కలు చూపించాడు. ఈసారి ఎక్కువసేపు ఆలోచించలేదు. నువ్వు చూపినవి శుక్రుడు, గురుడు, కాపెల్లా నక్షత్రం అని పేర్లతో సహా చెప్పింది. శని నొక్కగానే గొట్టం మెల్లగా నైరుతికి తిరిగి నిలబడింది.

జీవానందం కన్ను ఆనించాడు. పుస్తకాల్లో ఉన్నట్టు వెడల్పాటి ఉంగరం కాదు. ఆ ఏడు ఉంగరం మనవైపు అంచు తిప్పుకుని ఉందట. పసుప్పచ్చని గింజకు అడ్డంగా సూది గుచ్చినట్టు ఉంది, అంతే. ఆయనకు అది చాలింది. చాలాసేపటికి తల ఎత్తి, పక్కనున్న శేషమ్మను పిలిచాడు.

"శనేశ్వరుడు మనల్ని చూడకుంటే చాలని తైలం పోస్తాం. నువ్వేంది నాయనా, పోయి ఆయన్నే చూపిస్తానంటావు" అంటూనే ఆవిడ వంగి చూసింది. చూసి, లేచి, ముక్కు మీద వేలేసుకుని నిలబడింది. తర్వాత లోపలికి పోయి కోడల్ని లేపుకొచ్చింది.

జనవరి వచ్చేసరికి, బస్సు దిగినవాళ్ళు ఇండ్లకు పోయి, అన్నం తిని మళ్ళీ వచ్చే అలవాటైంది. చంద్రుడి మీద గుంటలు చూసి, అవి ఎండిపోయిన కుంటలని ఒకరు, బోర్లు వేసి వదిలేసినవని ఒకరు అన్నారు. జీవానందం తనకు తెలిసింది చెప్పేవాడు, తెలియనిది రాసుకుని ఇంటికాడ చదువుకుని వచ్చి చెప్పేవాడు. ముప్పై ఏళ్ళు టికెట్, టికెట్ అనడం తప్ప ఎక్కువ మాట్లాడని మనిషి, పదిమంది మధ్య నిలబడి గురుడి చుట్టూ తిరిగే చంద్రుల గురించి చెప్తుంటే ఆయన గొంతు ఆయనకే కొత్తగా ఉండేది.

మాలకొండయ్య ఒక్కడే దగ్గరికి వచ్చేవాడు కాదు. నిద్రొస్తోందనేవాడు. ఒకరోజు శేషమ్మ వదల్లేదు.

"ఊరంతా చూసింది. నువ్వొక్కడివే మిగిలినావు, రా అబ్బాయా."

ఆయన విసుక్కుంటూ వచ్చి కుడికన్ను ఆనించాడు.

"ఏముంది? పొగ ఉంది. లాంతరు గ్లాసుకు మసి పట్టినట్టు."

జీవానందం వంగి చూశాడు. శని స్పష్టంగా ఉన్నాడు. మర కొంచెం తిప్పి మళ్ళీ చూడమన్నాడు. మాలకొండయ్య చూసి తల అడ్డంగా ఊపాడు. శేషమ్మ తాను చూసి, "సూది మాదిరి చక్కగా ఉంటేనూ" అంది. అని ఊరుకోకుండా, "నాకూ కంటి ఆపరేషన్‌కు ముందు అట్లనే ఉన్నింది. దీపం చుట్టూ మసే" అంది.

జీవానందం నెమ్మదిగా, "ఎడమ కంటితో చూడన్నా" అన్నాడు.

మాలకొండయ్య ఎడమకన్ను ఆనించాడు. చాలాసేపు లేవలేదు.

"ఉంది" అన్నాడు చివరికి. లేచి, ఎవరి ముఖమూ చూడకుండా బస్సెక్కి పడుకున్నాడు.

జీవానందానికి అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రెండు మూడు నెలలుగా అన్న బస్సును ఎడమ అంచుకు మరీ దగ్గరగా తోలుతున్నాడు. ఎదురుగా లైట్లు వస్తే తిట్టుకుంటూ వేగం తగ్గిస్తున్నాడు. పక్కనే ఉండి కూడా తాను కనిపెట్టలేదు.

పొద్దున ఐదున్నరకు మంచు దట్టంగా ఉంది. జీవానందం వెనక్కి పోకుండా డ్రైవరు పక్కనే నిలబడ్డాడు. ఊరు దాటి రెండు మలుపులు తిరిగారో లేదో, కుడిపక్క పొలంలోంచి గొర్రెల మంద రోడ్డెక్కింది. బస్సు వేగం తగ్గలేదు.

"అన్నా, గొర్రెలు."

బ్రేకు పడింది. బస్సు మూతికి నాలుగడుగుల దూరంలో గొర్రెలు మెల్లగా దాటిపోయాయి. వాటిని తోలుతున్నామె వీళ్ళ వైపు చూడను కూడా చూడలేదు. మంద దాటినా మాలకొండయ్య గేరు వేయలేదు.

"ఇంజను ఆపన్నా. మంచు తేలినాక పోదాం."

"టైముకు పోకపోతే ఎట్ల?"

"ఆలస్యానికి కారణం నేను రాసుకుంటాలే."

ఏడేళ్ళలో ఆ సర్వీసు ఆలస్యంగా పోవడం అదే మొదలు. ఎండ వచ్చాక, నెమ్మదిగా నడుపుకుంటూ రాచర్ల చేరారు. అక్కడ టీ కొట్టు దగ్గర మాలకొండయ్యే మాట ఎత్తాడు.

"డిపోలో చెప్తావా?"

"చెప్పను. కానీ రేపు నువ్వు స్టీరింగు పడితే నేను ఆ బస్సెక్కను."

"ఐదు నెలలు జీవా. ఐదు నెలలు ఓర్చుకుంటే మర్యాదగా దిగిపోతాను. ఇప్పుడు కన్ను పోయిందని తెలిస్తే తీసుకుపోయి గేటు కాడ కూర్చోబెడతారు."

"గొర్రెలు కాబట్టి సరిపోయింది అన్నా."

మాలకొండయ్య గ్లాసు కింద పెట్టి బస్సెక్కాడు. ఏడేళ్ళ స్నేహం ఇంతటితో సరి అనుకున్నాడు జీవానందం. అయినా అన్నమాట వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

ఆరోజు సాయంత్రమే మాలకొండయ్య జీవానందం ఇంటికి వచ్చాడు. జీవానందంతో కాదు, స్టెల్లాతో మాట్లాడాడు. "ఏం తల్లీ, ఆ ఆపరేషన్ నొప్పి ఉంటదా?" స్టెల్లా టార్చి తెచ్చి కన్ను చూసింది. శుక్లం ముదిరిందని, తీసేస్తే చూపు వస్తుందని చెప్పింది. ఆమే ఒంగోలులో కంటి ఆసుపత్రికి ఫోను చేసి రోజు తీసుకుంది. సెలవు చీటీలో కంటి ఆపరేషన్ అనే రాయించింది. మాలకొండయ్యకు తోడుగా జీవానందమే వెళ్ళాడు. థియేటరు బయట బెంచీ మీద కూర్చుని, పుస్తకం తెరిచి ఒక్క పేజీ కూడా చదవలేకపోయాడు.

చూపు బాగానే వచ్చింది. మార్చిలో డాక్టర్లు పరీక్షించి డ్యూటీకి పనికొస్తాడని రాశారు. మొదటిరోజు ఎర్రదొడ్డిపల్లె చేరగానే మాలకొండయ్య తానే పెట్టె దించాడు. శని చూపించమన్నాడు.

"ఇప్పుడు లేడన్నా, సూర్యుడి చాటుకు పోయినాడు. గురుడున్నాడు, చూడు."

కుడికంటితో చూశాడు. గురుడి పక్కన వరసగా నాలుగు చుక్కలు. వేలు మడిచి లెక్కపెట్టాడు. "నాలుగు" అన్నాడు. ఎడమకంటితో మళ్ళీ లెక్కపెట్టి, కుడికంటికే బాగా కనపడుతున్నాయన్నాడు. ఆ తర్వాత ఆయన నిద్రొస్తోందని తొందరగా పడుకున్న రోజు లేదు. వరసలో తోసుకునేవాళ్ళను అదిలించే పని తన మీద వేసుకున్నాడు.

మే నెలాఖరున డిపోలో ఆయనకు సన్మానం చేశారు. శాలువా కప్పి, రెండు మాటలు మాట్లాడమన్నారు. మాలకొండయ్యకు మాట్లాడటం రాదు. మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాకు కుడికన్ను మసకబడిన సంగతి మూడు నెలలు దాచినాను" అన్నాడు. "జనాన్ని ఎక్కించుకుని తోలినాను. జీవానందం ఆపకుంటే ఇంకా తోలేవాణ్ణి. మీలో ఎవరికన్నా అట్లుంటే దాచొద్దు. చూపు తగ్గితే తప్పు కాదు. దాచడం తప్పు."

మేనేజరు ముందున్న గ్లాసెత్తి మంచినీళ్ళు తాగాడు. వెనక వరసలో ఒక పాత డ్రైవరు కండ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ వారంలో ఇద్దరు డ్రైవర్లు ఎవరూ చెప్పకుండానే కంటి పరీక్షకు పేర్లు ఇచ్చారు.

స్వీట్లు పంచుతుండగా మాలకొండయ్య జీవానందం పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"కొత్త డ్రైవరు ఎవరంట?"

"నరేష్ అని. మార్కాపురం డిపో నుంచి వచ్చినాడు."

"పెట్టె జాగ్రత్తగా దించమని చెప్పు. నేను దించినట్టు."

అప్పటికి ఐదున్నర. జీవానందం టికెట్ మిషను భుజాన వేసుకుని బస్సు వైపు నడిచాడు. నరేష్ అప్పటికే వెనక డోరు తెరిచి, సీటు కిందున్న పెట్టె ఏమిటని ఒక ప్రయాణికుణ్ణి అడుగుతున్నాడు. ఆ ప్రయాణికుడు అదేమిటో చాలా వివరంగా చెప్తున్నాడు.