ఎవరో తల్లి ఇచ్చిన పొర

హైదరాబాదులో కంటి పొరను పెంచి అతికిస్తున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది, మార్కెట్ యార్డులో నా పక్కన కూర్చుని పసుపు కొమ్ములు ఏరే ఆమె. వాళ్ళ అమ్మకు శుక్లం తీయించడానికి పోయి, అక్కడి దవాఖానాలో విని వచ్చింది.

"గింత ముక్క తీసి గాజు గిన్నెల పెంచుతరట అక్కా. మళ్ల కంట్ల పెడతరట."

"పసుపు కొమ్మా ఏందే, మొలకేసి పెంచనీకె?" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఒకసారి పోయి చూపించుకొమ్మంది.

నా ఎడమ కన్ను పోయి అప్పటికి రెండేళ్ళు. దసరా ముందు గోడలకు సున్నం వేస్తుంటే బకెట్లోది తుళ్ళి కంట్లో పడింది. మా ఆయన పోయాక ఇంట్లో ఒక్కదాన్నే. పక్కనే బిందె నిండా నీళ్ళున్నాయి. నేను మాత్రం తడుముకుంటూ పోయి పసుపు కలిపి, బట్టలో వడగట్టి, ఆ నీళ్ళు పోసుకున్నాను. పసుపు పండే ఆర్మూరులో పుట్టినదాన్ని, దేనికైనా నాకు తెలిసింది పసుపే. కబురు పట్టుకుని పోతే, హైదరాబాదు డాక్టరు అది విని తిట్టలేదు. ముందే బిందెడు మంచినీళ్ళతో కడుక్కునుంటే ఇంత దూరం వచ్చేది కాదమ్మా అన్నాడు, అంతే.

తర్వాత చెప్పిన మాటకు నా చెయ్యి కుడి కంటి మీదికి పోయింది. ముక్క తీసేది బాగున్న కుడి కంట్లోంచేనట. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున, నువ్వుగింజంత. ఆ కంటికి ప్రమాదం తక్కువన్నాడు; అసలు లేదనలేదు. నేను బడికి పోలేదు. మా బాపు ఇంట్లో పలక మీద దిద్దించిన అక్షరాలే నావి. పొద్దున్నే దీపం పెట్టి స్తోత్రాల పుస్తకంలో ఒక పేజీ చదువుకుంటాను. ఆ కన్నూ పోతే చదివి వినిపించే మనిషి లేదు.

ఆలోచించుకుంటానని బయటికి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. నర్సమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ముక్కను దేని మీద పెంచుతారని అడిగాను, ఊరికే, మాట కోసం. కాన్పులో వచ్చే మాయకు పల్చటి పొర ఉంటుందని, దాన్ని శుభ్రం చేసి దాని మీదే పెంచుతారని చెప్పింది.

"ఎవరిదమ్మా?"

"ఎవరో తల్లిది. కాన్పుకు ముందే అడుగుతరు, ఇస్తనంటేనే తీసుకుంటరు. పేరు మాకు గూడ తెల్వది."

మా దిక్కు మాయను ఇంటి వెనక పాతి, కుక్కలు తవ్వకుండా పైన రాయి పెడతారు. నాకు పిల్లలు లేరు. మా ఇంటి వెనక అలాంటి రాయి లేదు. నిండు నెలల్లో ఉండి ఆ తల్లి ముక్కూ మొహం తెలియని మనిషికి ఇస్తానంది. నేను నా కంటికి నువ్వుగింజంత ఇచ్చుకోవడానికి జంకుతున్నాను. లోపలికి పోయి సరేనన్నాను.

ముక్క తీసి ఇంటికి పంపారు, రెండు వారాలకు రమ్మన్నారు. కుడి కంటి కట్టు విప్పాక మొదట పుస్తకమే తెరిచాను. అక్షరాలు నిలబడ్డాయి. ఆ రోజుల్లో నా ఒక్కదానికి గిద్దెడు బియ్యం కడుగుతూ, నాదొక ముక్క ఎక్కడో ఒక తల్లి పొర మీద పెరుగుతోందని అనుకునేదాన్ని. ఆ తల్లీబిడ్డలను చల్లగా చూడమని దేవుడికి దండం పెట్టేదాన్ని.

రెండు వారాలకు పోతే, పెంచిన పొరను ఎడమ కంటికి అతికించారు. ఆ కంటికి ఈ రోజుకూ అక్షరాలు ఆనవు. మచ్చ మిగిలింది. మంట, నీరు కారడం పోయాయి. కుడి కన్ను మూసుకున్నా దీపం ఎక్కడుందో తెలుస్తుంది. దేవుడు అంతవరకు ఇచ్చాడు, చాలు.

డాక్టరుకు, నర్సమ్మకు, కబురు తెచ్చినామెకు చేతులు పట్టుకుని చెప్పుకున్నాను. చెప్పుకోలేనిది ఆ తల్లికే. ఆమె బిడ్డకు ఇప్పుడు బడి ఈడు వచ్చి ఉంటుంది. మీరు దేవుడికి మొక్కుకునేటప్పుడు ఆమెను ఒక్కసారి తలుచుకోండి.