సాసరులో చెంచా

జర్మనీ సరిహద్దు ఊరు ఎమ్డెన్‌లో ఫ్రౌకె అనువాదం చేయడమంటే గొంతెత్తి చేయడమే. డచ్చి వాక్యం ఒకసారి, తన జర్మన్ వాక్యం ఒకసారి పైకి చదువుతుంది. చూపుడువేలు బల్ల మీద తాళం వేస్తుంది. “డచ్చి మాట ఇంటి చెప్పులతోనే వీధిలోకొస్తుంది. మనది బొత్తాలన్నీ పెట్టుకుంటేగాని గడప దాటదు,” అంటుంది. పదకొండేళ్లపాటు ఆ డచ్చి వాక్యాలు చదివి వినిపించింది సరిహద్దు అవతలి డౌవె. ఆయన జర్మన్ పుస్తకాలను డచ్చిలోకి తెచ్చేవాడు. ప్రతి గురువారం రైల్లో వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చునేవాడు. ఆ ఊళ్లో టీ ఇక చాలనుకున్నవాళ్లు చెంచా కప్పులో పెడతారు. పెట్టేదాకా ఇంటావిడ పోస్తూనే ఉండాలి. డౌవె చెంచా ఎప్పుడూ సాసరులోనే ఉండేది. ఆరో కప్పు, ఏడో కప్పు, ఆఖరి రైలు వేళదాకా. “పాపం, పొట్ట పగిలేలా ఉన్నాడు, ఆ మర్యాదేదో చెప్పరాదటే!” అనేది పక్కింటి తోమ్మా. “చెబితే లేచి వెళ్లిపోతాడే,” అనేది ఫ్రౌకె.

మొన్న చలికాలంలో డౌవె పోయాడు. ఆయన చెల్లెలు పంపిన పాత అనువాదాల పెట్టెను ఈ గురువారం విప్పి, ఫ్రౌకె అలవాటుగా రెండు భాషలూ పక్కపక్కన పెట్టుకుని చదవసాగింది. ఓ పుట అడుగున డౌవె రాసిన వివరణ కనిపించింది: “ఎమ్డెన్‌లో చెంచా కప్పులో పెట్టేదాకా టీ పోస్తూనే ఉంటారు.” ఆ పుస్తకం అచ్చయింది ఆయన ఈ గడప తొక్కడానికి ఎనిమిదేళ్ల ముందు. తాళం వేసే వేలు ఆగిపోయింది. “ఆ దొంగకి అంతా తెలుసునే!” అంది, ఎదుట టీ తాగుతున్న తోమ్మాతో. తోమ్మా మూడో కప్పు ముగించి తన చెంచా కప్పులో పెట్టింది. ఫ్రౌకె తన చెంచాను సాసరులోనే ఉంచి, ఇంకో కప్పు పోసుకుంది.