ఖాదర్ భాయ్ నేర్పిన సలాం

1971 ఎండాకాలం. శాలిబండలో ఖాదర్ భాయ్ షెడ్డులో నేను మెకానిక్‌ని. ఆయన పని దగ్గర తిట్టేవాడు, మధ్యాహ్నం తన డబ్బాలో సగం కూర నా పళ్లెంలో వేసేవాడు.

పెట్రోల్ పైపు విప్పేందుకు ఆయనకో పద్ధతి ఉండేది. ఇంజన్ చల్లారాలి. బ్యాటరీ తీగ తీసి, ట్యాంకు మూత వదులు చేయాలి. తర్వాత పైపును పట్టి ఉంచే యూనియన్ నట్‌కు గుడ్డ చుట్టి, పావు వంతు తిప్పి ఆగాలి. బండి ఆగినా ఆ వేడికి పైపులో పెట్రోల్ ఒత్తిడితో నిలిచి ఉంటుంది. అది సుస్సుమని గుడ్డలోకి దిగాకే నట్ పూర్తిగా విప్పాలి.

"ముందుగాల సలాం జెయ్ బేటా. జవాబొచ్చినంక లోపలికి పో," అనేవాడు.

ఒకరోజు ఆయన నమాజుకు వెళ్లినప్పుడు టాక్సీ డ్రైవర్ నర్సింగ్ తన అంబాసిడర్ తెచ్చాడు. ఫ్యూయల్ పంప్ సరిగా లాగడం లేదు.

"పెండ్లోళ్లు లాడ్ బజార్ల గాజులు కొంటున్నరు. ఆళ్లను స్టేషన్ల దింపాలె. జల్ది జెయ్ యాదగిరీ!"

"ఇంజన్ మస్తు కాలుతున్నదన్నా. జర ఆగు."

"ఏందే, నువ్వు గూడ ముసలాయన లెక్క బండికి సలాం గొడ్తవా?" అని నవ్వి, ఎదురు హోటల్‌కు చాయ్ తాగడానికి పోయాడు.

నాకు రోషం వచ్చింది. బ్యాటరీ తీగ తీయకుండానే నట్‌ను ఒక్క ఊపున తిప్పాను. పెట్రోల్ చిమ్మింది. ఉలిక్కిపడితే స్పానర్ బ్యాటరీ తీగ కొసకు తగిలి రవ్వ లేచింది. భగ్గుమంది.

అప్పుడే తిరిగొచ్చిన ఖాదర్ భాయ్ నన్ను పక్కకు తోసి, ఇసుక పోసి, గోనెసంచి అదిమి మంట ఆర్పాడు. ఆయన అరచేయి కాలింది. నర్సింగ్ ఉరికొచ్చాడు.

"ఎవరు జేసిన్రిది?"

"నేనే. చెయ్యి జారింది," అన్నాడు ఖాదర్ భాయ్.

ముసలాయన చేతులు వణుకుతున్నాయన్న మాట టాక్సీ అడ్డా అంతా పాకింది. బండ్లు రావడం తగ్గింది. నిజం చెప్తానని నేనంటే ఆయన ఒప్పుకోలేదు.

"ఫికర్ జెయ్యకు. నా పేరు పాత బండి, ఇంకో గీత వడ్తె ఎవరికి గానొస్తది? నీది కొత్త బండి."

ఆ ప్రేమ వెనక నేను హాయిగా దాక్కున్నాను. కొన్నేళ్లకు ఆయన చనిపోయాడు.

మొన్న చాయ్ హోటల్లో నర్సింగ్ ఎవరితోనో అంటున్నాడు: "ఖాదర్ భాయ్ మంచోడే గని, చేతులు వణుకుతుండె."

"లేదు నర్సన్నా. ఆ నట్ ఇప్పింది నేను," అన్నాను.

అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మరి గిన్నేండ్లు ఏం జేసినవ్ రా?"



ఇప్పుడు నా షెడ్డులోనూ నట్ పావు వంతు తిప్పి ఆగుతాం. ఇంజన్ ఆగినా లోపల ఒత్తిడి మిగిలే ఉంటుందని, దాన్ని మనమే మెల్లగా వదలాలని ఖాదర్ భాయ్ చెప్పాడు. నట్ల విషయంలో మాత్రం వెంటనే నేర్చుకున్నాను.