తారు ఆగిన చోటు

మునిసిపాలిటీ ఇంజనీరు రాజ్‌మోహన్ ప్రతి శుక్రవారం ఉప్పళం నుంచి స్కూటరు మీద ఊరి చివరికి తనిఖీకి వస్తాడు. అక్కడ తమ సిబ్బందికి ఇళ్లు కట్టుకోనిస్తే వెనక వీధికి రోడ్డు వేస్తామని ఓ ప్రైవేటు యూనివర్సిటీ మునిసిపాలిటీకి ఒప్పందం రాసిచ్చింది. ఇళ్లు లేచాయి, తారు వాటి గేటు దగ్గరే ఆగింది. అతను అక్కడ ఫోటో తీసి, బూటుకంటిన బురద రాయికి గీకి, ఆ వెనక వీధి మొదట్లో ఉండే చెంగమ్మ రోడ్డెప్పుడని అడక్కముందే "వచ్చే నెల అత్తా" అంటాడు. ఆమె మొగుడు వాకిట్లో కుర్చీలో ఆయాసపడుతూ వింటుంటాడు.

ఈసారి కుర్చీ ఖాళీగా ఉంది. "వచ్చే నెల అత్తా," అన్నాడు అలవాటుగా.

"ఇంక తొందరేంది నాయనా? మామ పోయినాడు గదా. ఆంబులెన్సు ఆ గేటుకాడే నిలిచిపోయె. కూర్చో, కాపీ తెస్తా."

రాజ్‌మోహన్ ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. కాఫీ బాగుందన్నాడు.