కట్టు ఎవరు కట్టారు?

కొచ్చు తెరేస్య కుళ్ళుబోతు అని మా వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆమె ముందే అన్నా ఏమీ అనుకోదు. "అవును, కుళ్ళే. నా మొగుడు, నా కుళ్ళు. మధ్యలో నీకేంటి నొప్పి?" అంటుంది.

త్రిశూర్ పక్కన ఈ ఊళ్ళో నేను స్థిరపడి చాలా ఏళ్ళయింది. ఒంగోలు నుంచి గ్రానైటు లారీ మీద వచ్చి, ఇక్కడి పిల్లను చేసుకుని, ఇప్పుడు పంచాయతీ వాళ్ళ జీపు నడుపుతున్నాను. ఆపరేషన్లయి ఇళ్ళకు వచ్చినవాళ్ళకు కట్టు మార్చే నర్సును ఇంటింటికీ తిప్పడం నా పని. ఇన్నేళ్ళయినా ఈ ఊరికి నేను 'ఆంధ్రా'నే. నర్సు రమ్లాను మాత్రం అందరూ పేరు పెట్టి పిలుస్తారు, వెళ్ళేటప్పుడు అరటిగెల చేతిలో పెడతారు. ఆ గెల మోసేది నేను. కుళ్ళు గురించి మాట్లాడే అర్హత నాకూ కాస్త ఉందని ఈ సంగతి ముందే చెబుతున్నాను.

తెరేస్య అచ్చప్పాలు చేసి అమ్ముతుంది. మనం గులాబీ పువ్వులంటామే, అవే. నూనె ఏమాత్రం మక్కినా వాకిట్లోంచే పసిగట్టే ముక్కు ఆమెది. భర్త రప్పాయి చర్చి బ్యాండుమేళంలో పెద్ద డ్రమ్ము వాయించేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆమెకు ఆ డ్రమ్ము మీద కూడా మంటే. "దాన్ని కడుపుకు కట్టుకుని ఊరంతా తిరుగుతాడు, నా చెయ్యి పట్టుకుని బజారు దాకా రమ్మంటే సిగ్గంటాడు" అని అత్తగారితో మొరపెట్టుకునేదట. పండగ ఊరేగింపులో డ్రమ్ము వెనకాలే నడిచేది, ఎవరు ఆయన వైపు చూస్తున్నారో కనిపెట్టడానికి. పిల్లలు లేరు. ఆమె ప్రపంచమంతా మూకుడు, మొగుడు.

అలాంటి రప్పాయికి చక్కెర జబ్బు ముదిరి కుడికాలి చివరి రెండు వేళ్ళు తీసేశారు. కాలికి కట్టుతో ఇంటికి వచ్చాడు. మొదటిరోజు రమ్లా కట్టు విప్పుతుంటే తెరేస్య పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడింది. పుండు బయటపడగానే ఆమెకు కడుపులో తిప్పేసింది. పళ్ళెం అక్కడే పడేసి పెరట్లోకి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి రప్పాయి, పాపం మంచి మనసుతోనే, "నువ్వు వద్దులే తెరేస్యా. సిస్టరు చూసుకుంటుంది" అన్నాడు.

ఆ ఒక్క మాటతో కొంప అంటుకుంది. మొగుణ్ణి డ్రమ్ము నుంచి కూడా కాపాడుకున్న మనిషి, ఇప్పుడు నర్సుకు అప్పగించి వంటింట్లో కూర్చోవలసి వచ్చింది.

రప్పాయి కూడా తక్కువవాడు కాదు. పెళ్ళాం మందు ఇస్తే ముఖం తిప్పుకునేవాడు, రమ్లా ఇస్తే ప్రసాదంలా మింగేవాడు. రమ్లా వచ్చే మంగళ, శుక్రవారాల్లో ఉతికిన చొక్కా తొడిగి, మెడకు పౌడరు పూసుకుని వరండాలో కూర్చునేవాడు.

"ఏంటి రప్పాయి చేట్టా, ఇవాళ పెళ్ళిచూపులా?" అన్నాను ఒకసారి. ఇక్కడ అన్నను చేట్టా అంటారు, అక్కను చేచీ అంటారు.

"పో ఆంధ్రా! చెమట వాసన రాకుండా పూసుకున్నా" అన్నాడు సిగ్గుపడుతూ.

"ముప్పై ఏళ్ళు ఆ చెమట వాసన నేను పీల్చాను. నాకెప్పుడూ పౌడరు పూయలేదు" అని లోపలి నుంచి వినిపించింది.

రప్పాయి అది వినబడనట్టు, "సిస్టరూ, మీ చేతిలో ఏదో మహత్యం ఉంది. నొప్పే తెలీడం లేదు" అన్నాడు.

"నొప్పి తెలీనిది చక్కెర జబ్బు వల్ల. చేతిలో ఏముంది, వేళ్ళున్నాయి" అంది తెరేస్య.

రమ్లా నవ్వి ఊరుకుంది. ఆమె భర్త షార్జాలో ఉంటాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. ఇలాంటి మాటలు పట్టించుకుంటే ఆ ఉద్యోగం చెయ్యలేదు. అయితే తెరేస్య ఆమెకిచ్చే టీలో పంచదార వారం వారం తగ్గుతూ వచ్చింది. చివరికి వట్టి చేదు డికాషనే మిగిలింది. నా గ్లాసులో కూడా అదే. నేనేం పాపం చేశానని?

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మలయాళంలో గుడ్డ ఎండినా 'ఉణంగి' అంటారు, పుండు మానినా 'ఉణంగి' అనే అంటారు. ఆపరేషను అయినవాళ్ళకు మా ఆఫీసు ఇచ్చే కాగితంలో "పుండు ఉణంగేదాకా కట్టు ఉంచాలి" అని ఉండేది. రమ్లా కూడా ఫోన్లో అందరినీ "ఉణంగిందా?" అనే అడిగేది. ఆ భాషలో పుట్టినవాళ్ళకు అందులో వింతేముంటుంది?

ఒక శుక్రవారం పొద్దున్నే జీపులో ఉండగా తెరేస్య ఫోను చేసింది. "సిస్టరూ, ఉణంగి. ఇక మీరు రానక్కర్లేదు."

"నిజంగానా చేచీ? పూర్తిగానా?"

"పూర్తిగా. ఇటువైపు రావడం పెట్రోలు దండగ."

రమ్లా ముఖం వెలిగింది. కొండ మీద కొత్తగా ఇంకొక ఇల్లు చేరింది, అక్కడికి ఎలా వెళ్ళాలా అని మథనపడుతోంది. "పద చేట్టా, కొండకి" అంది. నేను బండి తిప్పాను.

ఆ ఇంట్లో జరిగింది తర్వాత తెరేస్య నోటే విన్నాను. రప్పాయి నిద్రలో ఉండగా ఊపిరి బిగబట్టి కట్టు విప్పింది. అంతకుముందు చూసిన తడి లేదు. పైన నల్లగా గట్టిగా పెచ్చు కట్టింది. మహా సంతోషించింది. కాలు ఎండలో పెట్టించింది, ఫ్యాను తిప్పింది. ఆఖరికి ఆ పౌడరు డబ్బా తెచ్చి పుండు మీదే కుమ్మరించింది. "పూసుకో, ఎవరి కోసం పూసుకుంటావో పూసుకో" అందట. రప్పాయి ఆ సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, ప్రతి బండి చప్పుడుకీ తలెత్తి చూశాడట. ఆమె అది చూస్తూ తలుపు చాటున నిలబడిందట. ఒకవైపు గెలిచానని సంతోషం, ఇంకోవైపు ఇంతలా ఎదురుచూస్తాడా అని ఏడుపు.

తర్వాతి వారం మూకుట్లోంచి వాసన వచ్చిందనుకుని నూనె పారబోసింది. కొత్త నూనె పోసినా వాసన పోలేదు. వాసన పట్టుకుని గది గదీ తిరిగి, మంచం దగ్గర ఆగింది. రప్పాయి ఒళ్ళు కాలిపోతోంది. అతనేమో నొప్పి లేదనే అంటున్నాడు. తెల్లవారగానే రమ్లాకు ఫోను చేసింది. ఈసారి మాటలు వెతుక్కోలేదు. "రండి" అని పెట్టేసింది.

రమ్లా పెచ్చు అంచు తడిపి ఎత్తగానే కింద నుంచి చీము ఉబికింది. పాదం సగం దాకా వాచి ఉంది. ఇద్దరం కలిసి అతన్ని జీపులోకి ఎక్కించాం. తెరేస్య వెనక సీట్లో ఆ కాలు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చీర తడిసిపోతున్నా కదల్లేదు, ఈసారి ముఖం కూడా తిప్పుకోలేదు. పాదం మొత్తం పోవచ్చని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు.

ఆపరేషను గది బయట బెంచీ మీద మేం ముగ్గురం. చాలాసేపటికి రమ్లా, "చేచీ, ఫోన్లో ఉణంగి అన్నారు కదా" అంది.

"అన్నాను. ఉణంగింది కాబట్టే అన్నాను!" తెరేస్య ఇంతెత్తున లేచింది. "చీర ఉణంగితే దండెం మీంచి తీస్తాం. చేప ఉణంగితే డబ్బాలో పోస్తాం. పుండు ఉణంగితే కట్టు తీసేయమని మీ కాగితమే చెప్పింది. అప్పడంలా ఎండింది, నా కళ్ళతో చూశాను. ఇంకేం ఉణంగాలి?"

తెరేస్య అన్నది ఎండిందని, రమ్లా విన్నది మానిందని. తెలుగులో అయితే ఎండటం వేరు, మానటం వేరు కాబట్టి ఈ గొడవే లేదు అనుకున్నాను గర్వంగా. కాసేపటికి గుర్తొచ్చింది, మనకు మాత్రం పుండులో ఉండేదీ మనసులో ఉండేదీ రెండూ కుళ్ళే.

తెరేస్య మళ్ళీ బెంచీ మీద కూలబడింది. "అబద్ధం చెప్పలేదు సిస్టరూ. కానీ మీరు రాకూడదనే చెప్పాను. ఆ పౌడరు చూడలేకపోయాను."

"నాకు తెలుసు చేచీ. మీ టీ తాగుతూనే ఉన్నాగా" అంది రమ్లా.

ఏడుస్తున్న మనిషికి నవ్వొచ్చింది. నవ్వి, మళ్ళీ ఏడ్చింది. "వద్దులే తెరేస్యా అన్నాడండీ. ఒక్కసారి కడుపులో తిప్పినందుకు. డ్రమ్ము అయినా తుడవనిచ్చేవాడు."

"వాసన మీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న పొద్దున. నూనె అనుకున్నా."

"మీరు ఫోను చేసే వేళకి ఆ కాలున్న మనిషికే ఏ వాసనా తెలీలేదు" అంది రమ్లా. "నేను వారానికి రెండు పూటలు వస్తాను. మీ ముక్కు రోజంతా అక్కడే ఉంటుంది. దాన్ని నేను వంటింట్లో కూర్చోబెట్టాను."

పాదం దక్కింది. ఇంకొక వేలు పోయింది.

ఆ వారమే రమ్లా ఆఫీసులో పోట్లాట పెట్టుకుంది. కాగితంలో 'ఉణంగి' అనే మాట తీసెయ్యాలంది. "అచ్చమైన మలయాళం మాట, దానికేం రోగం?" అన్నాడు సెక్రెటరీ. "మాటకు రోగం లేదు సార్, దాన్ని నమ్మినవాళ్ళకే" అంది. ఇప్పుడు ఫోనులో ఆ మాట అడగదు. కట్టు గుడ్డ తడిసిందా, వాసన వస్తోందా, ఆ కాలు రెండో కాలి కన్నా వేడిగా ఉందా అని అడుగుతుంది. వీటన్నిటికన్నా ముందు, మనిషి ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే, "ఇంట్లో కట్టు ఎవరు కడతారు?" అని అడుగుతుంది. ఎవరి పేరు చెబితే వాళ్ళ చేత అక్కడే, తన ఎదుటే ఒకసారి కట్టిస్తుంది. కడుపులో తిప్పితే తిప్పనీ, తిప్పాక మళ్ళీ రమ్మంటుంది.

అలా మొదట నేర్చుకున్నది తెరేస్యే. చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే రమ్లా లాగేసింది. "మూయకండి చేచీ, నాకు కావాల్సింది ఆ ముక్కే." తెరేస్య రెండుసార్లు బయటికి పరుగెత్తింది, రెండుసార్లూ తిరిగి వచ్చింది. రప్పాయి నోరు తెరిచి "వద్దులే..." అనబోతే, "నోర్ముయ్" అంది పెళ్ళాం. మూశాడు.

ఇంటికి వచ్చాక రమ్లా వారానికి ఒకసారే వెళ్ళేది, చూసి రావడానికి. టీలో పంచదార తిరిగి వచ్చింది. నా గ్లాసులో కూడా.

ఈ మధ్య ఒక శుక్రవారం వెళ్ళాం. రప్పాయి వరండాలో కూర్చున్నాడు. ఉతికిన చొక్కా, మెడకు పౌడరు. రమ్లా అలవాటు కొద్దీ ఎదురుగా పీట వేసుకుని, చేతులు కడుక్కుని, కాలు అందుకోబోయింది. అతను కాలు వెనక్కి తీసుకున్నాడు.

"కాస్త ఆగండి సిస్టరూ. ఆమె వస్తోంది. ఆమె చెయ్యి నాకు అలవాటు."

తెరేస్య పిండి చేతులు కడుక్కుని వచ్చింది. కట్టు విప్పి, గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. రెండు పాదాల మీద రెండు అరచేతులు ఆనించి వేడి చూసింది. అతను ఆమె పాపిట వైపే చూస్తూ కూర్చున్నాడు. పౌడరు కట్టిన మెడ మీద చెమట కారుతోంది. ఆ పక్కన రమ్లా, కడిగిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏ పనీ లేకుండా కూర్చుంది.

"బాగా కట్టారు చేచీ" అని లేచింది. తెరేస్య పెద్ద పొట్లం నిండా అచ్చప్పాలు కట్టి ఇచ్చింది. ఈసారి ఆ పొట్లం రమ్లానే మోసుకుంది.

జీపు తలుపు దభీమని వేసింది. ఎప్పుడూ అలా వెయ్యదు. నాకు ఊరుకోవడం చేతకాదు కదా, "పౌడరు ఇవాళ మన కోసం కాదన్నమాట" అన్నాను.

ఆమె నవ్వలేదు. "కిందటేడు మా ఆయనకి షార్జాలో కడుపు ఆపరేషను అయింది చేట్టా" అంది. "నెల రోజులు కట్టు మీదే ఉన్నాడు."

"అవును, చెప్పావుగా. తగ్గిపోయిందన్నావు."

"ఉణంగిందా అని అడిగాను. ఉణంగి అన్నాడు." పొట్లం ముడి విప్పుతూ, మళ్ళీ వేస్తూ ఉంది. "ఇప్పుడు అందరినీ అడుగుతున్నానే, కట్టు ఎవరు కడతారు అని. నీకు ఎవరు కట్టారని అతన్ని అడగలేదు. ఆడమనిషో మగమనిషో కూడా అడగలేదు."