మా తాత ఎండబెట్టిన గరిక

నా చిన్నప్పుడు మా ఇంట్లో గరిక పేరెత్తితే చాలు, మా తాత ముఖం చిట్లించేవాడు. జనగామకు కోసెడు దూరంలో, పాలకుర్తి పోయే బాట పక్కన మాకు మూడెకరాల చెలక ఉండేది. ఏటేటా దాన్ని గరిక ఆక్రమించేది. మండే ఎండల్లో మా తాత నాగలితో నేలను తిరగేసి, వేళ్లు పైకి తేలాక వంగి ఒక్కొక్కటే ఏరేవాడు. ఏరినదాన్ని గట్టు మీద కుప్పపోసి తగలబెట్టి, బూడిదయ్యేదాకా అక్కడే నిలబడేవాడు. ఒక్క కణుపు మిగిలినా చేనంతా పాకుతుందని ఆయన భయం. చుట్టుపక్కల ఎవరి చేనికి గరిక పట్టినా సలహాకు మా తాత దగ్గరికే వచ్చేవారు.

అలాంటి మనిషి ఒక వానాకాలం పొద్దున అదే గరికను గోనెసంచి నిండా నింపి, భుజాన వేసుకుని జనగామ బయలుదేరాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఇందులో ఏదో మతలబు ఉందని అప్పుడే అనుకున్నాను. చిన్నప్పటి నుంచీ నాది కొంచెం అనుమానపు బుద్ధి. అమ్మ బెల్లం ముక్క రెండుసార్లు పెడితే మూడోసారి ఎందుకు పెట్టలేదని ఆరా తీసే రకం.

విషయం ఏమిటంటే, జనగామలో ఒక సర్కారు బంగళాకు కోస్తా వైపు నుంచి ఒక ఇంజనీరుగారి కుటుంబం వచ్చింది. మేం అమ్మగారు అని పిలిచే ఆయన భార్య ఇంటి ముందు లాన్ ఉండాలని పట్టుబట్టింది. ఆ ఏడు మా బావి అడుగంటడంతో మా తాత అక్కడ మాలీగా కుదిరాడు. జీవితమంతా గరికను చంపిన మనిషి దాన్ని పెంచే కొలువులో చేరాడన్నమాట. మా ఊళ్లో దాని మీద చాలారోజులు నవ్వులాటలు నడిచాయి.

ఆయన మాత్రం నవ్వలేదు. తీగలను జానెడు ముక్కలుగా కోసి, వరినాట్లు వేసినట్టు వరుసగా బురదలో గుచ్చాడు. రెండు వానలకే అవి ఒకదాన్నొకటి అందుకున్నాయి. దసరా నాటికి బంగళా ముందు పచ్చటి దుప్పటి పరిచినట్టుంది. వారం వారం కొడవలితో సమంగా కోసేవాడు. బడి అయ్యాక నేను అక్కడికే వెళ్లి, సాయంత్రం తాతతో కలిసి ఇంటికి వచ్చేదాన్ని. అమ్మగారు నన్ను వరండాలో కూర్చోబెట్టి పిల్లల పత్రికలు ఇచ్చేది. ఆమె మాట నాకు వింతగా, తియ్యగా ఉండేది. మా మాటకు ఆమె నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు, పత్రికల కోసం ఓర్చుకునేదాన్ని.

దీపావళి దాటాక తాత నీళ్లు తగ్గించాడు. ఎరువు వేయడం ఆపేశాడు. పుష్యమాసం వచ్చేసరికి వారానికి ఒక్క తడి కూడా లేదు. లాన్ అంతా ఎండుగడ్డి రంగుకు తిరిగింది. తాత కావాలనే చంపుతున్నాడని నాకు అనుమానం వచ్చింది. అదే చలికాలంలో తెలంగాణ కావాలంటూ పిల్లలు బడులు వదిలి రోడ్ల మీదికి వచ్చారు. మా చిన్నాయన జనగామలో చదువుకునేవాడు. గోడల మీద నినాదాలు రాసి, చేతులకు అంటిన ఎర్రటి జాజు కడుక్కోకుండానే అన్నానికి కూర్చునేవాడు. బంగళాలో గేటుకు పగలు కూడా గొళ్లెం పెట్టడం మొదలైంది.

ఒకరోజు చిన్నాయన తన దోస్తులతో అంటుంటే విన్నాను. "మా నాయిన నోరు దెరవకుంటనే వాళ్ల బంగళా ఎండగొట్టిండు. మనం లొల్లి జేసుడే గని, పని జేసింది ముసలాయినే." వాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. నాకు వచ్చిన అనుమానమే చిన్నాయనకూ వచ్చిందంటే, అది నిజమే అయి ఉంటుందనుకున్నాను.

అప్పటినుంచి తాత వెనక తిరగడం మొదలుపెట్టాను. బడి మూసేశారు కాబట్టి బోలెడంత తీరిక. ఆయన బకెట్టుతో నీళ్లు పట్టి, గులాబీలకు పోసి, గరికను దాటి వెళ్లిపోవడం చూశాను. ఇంకోసారి వంగి ఒక తీగ పెరికి, గోరుతో గీకి చూసి, మళ్లీ మట్టిలో దోపి, ఎవరైనా చూశారా అన్నట్టు ఇటూ అటూ చూశాడు. చచ్చిందో లేదో చూసుకుంటున్నాడని తేల్చుకున్నాను. ఆయన ఇటూ అటూ చూసింది నాకోసమే కావచ్చునని తట్టలేదు.

ఆ మధ్యాహ్నమే అమ్మగారు నన్ను వరండాలో నిలబెట్టి, మీ తాతకి గడ్డి పెంచడం నిజంగా వచ్చా అని అడిగింది. అబద్ధం చెప్పలేదు నేను. "మా తాత గర్కను సంపుట్ల ఫస్టు. ఊరోళ్లంత ఆయిన్నే అడుగుతరు" అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. చిన్నాయన అన్న మాట కూడా చెప్పేశాను. చెబుతున్నప్పుడు ఏదో పెద్దపని చేస్తున్నంత గొప్పగా అనిపించింది. ఆమె ముఖం చూశాక స్తంభం వెనక్కి జరిగాను.

తాతను మెట్ల దగ్గరికి పిలిచారు. "కావాలనే ఎండబెడుతున్నావట కదా. మేం నీకు ఏం అన్యాయం చేశాం? నీ మనవరాలే చెప్పింది" అంది అమ్మగారు. ఆమె గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. తాత నావైపు ఒక్కసారి చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. తర్వాత ఆమెతో, "అది సావలే అమ్మా, పండుకున్నది. ఇరవై దినాలు ఆగుండ్రి" అన్నాడు. ఇరవై రోజుల్లో చిగురించకపోతే వేరే మాలీని పెట్టుకుంటామని, పోలీసులకు కూడా చెబుతామని ఆమె అంది. ఆ రోజుల్లో పోలీసులకు చెప్పడమంటే జైలుకు పంపడమేనని మా అందరికీ తెలుసు.

తాత పారతో అరచేయంత గడ్డ పెకిలించి, పగిలిన కుండ అడుగులో పెట్టి నా చేతికిచ్చాడు. దారంతా మోసుకొచ్చాను. ఇంటి దగ్గర నీళ్లు కాచే పొయ్యి పక్కన, ఎప్పుడూ వెచ్చగా ఉండే మూలలో దాన్ని పెట్టించాడు. "రోజు పొద్దుగాల దోసెడు నీళ్లు నువ్వే పోయాలె. నేను ముట్ట. నేను ముడితె నీకు మళ్ల అనుమానమైతది" అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు, పని చెప్పినట్టే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆయన ముందు ఏడవలేదు.

చిన్నాయనకు సంగతి తెలిసి తండ్రి మీద విరుచుకుపడ్డాడు. తండ్రే ఎండగొట్టాడని ఊరంతా చెప్పుకున్నవాడు ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని తిరగాలి? కుండను తంతాడేమోనని పగలంతా పొయ్యి దగ్గరే కాపలా కూర్చున్నాను. చూశారా, అప్పటికీ నా బుద్ధి మారలేదు. చిన్నాయన దాని జోలికే రాలేదు.

పదకొండో రోజు పొద్దున ఎండుపుల్లల మధ్య సూదిమొనల్లాంటి పచ్చటి చిగుళ్లు కనిపించాయి. కుండను చంకనెత్తుకుని తాతతో బంగళాకు నడిచాను. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. గేటు గొళ్లెం తీయకుండానే అమ్మగారు కమ్మీల మధ్య నుంచి చెయ్యి చాపి ఆ చిగుళ్లను తాకింది. రోజూ నీళ్లు పోసింది నేనే, తాత ముట్టలేదు అని చెప్పాను. ఆమె గొళ్లెం తీసింది. క్షమించమని ఎవరూ ఎవరినీ అడగలేదు.

చలికి గరిక పడుకుంటుందని, అప్పుడు నీళ్లు పోస్తే వేరు మురుగుతుందని, దాన్ని చంపాలంటే నడి ఎండాకాలంలోనే చంపాలని తాత ఆ రోజు తిరిగొస్తూ చెప్పాడు. అన్నీ చెప్పాక, "అడిగితె చెప్పకపోదునా బిడ్డా" అన్నాడు. అన్ని రోజులు ఆయన వెనక నక్కి తిరిగాను. పక్కన నడిచి ఒక్క మాట అడగలేదు.

శివరాత్రి తర్వాత ఆయన గడ్డిని నేలదాకా గొరిగి, ఎండు పొరను దంతెతో గోకి తీసి, జల్లించిన పెంటఎరువులో వాగు ఇసుక కలిపి పరిచాడు. చూసేవాళ్లకు పాతిపెట్టినట్టే ఉంది. ఈసారి అమ్మగారు వరండాలో నిలబడి చూసి, లోపలికి వెళ్లిపోయింది. ఉగాదికి ఇసుకలోంచి పచ్చదనం పొడుచుకొచ్చింది. ఆ ఎండాకాలం గొడవలు ముదిరి ఇంజనీరుగారి కుటుంబం బంగళాకు తాళం వేసి సొంత ఊరు వెళ్లిపోయారు. ఆపమని ఎవరూ చెప్పలేదని మా తాత మళ్లీ వానలు పడేదాకా రోజూ తెల్లవారక ముందే వెళ్లి నీళ్లు పెట్టి వచ్చాడు. చిన్నాయన ఆయనతో ఆర్నెల్లు మాట్లాడలేదు.

నేను చేసిన పనిని మా తాత ఎన్నడూ ఎత్తిపొడవలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయనకు ఒక అలవాటు పట్టుకుంది. ఏ పని చేసినా ముందు నాకు చెప్పేవాడు. ఎద్దును అంగడికి తోలుకుపోతున్నా, ఎందుకో చెప్పి కదిలేవాడు. మంచం పట్టాక కూడా, దవాఖానాలో ఇచ్చిన మాత్ర నోట్లో వేసుకునే ముందు అది దేనికో నాకు చెప్పేవాడు. నేను అడిగేదాన్ని కాదు. అది నా మీద ప్రేమో, లేక నేను మళ్లీ అనుమానిస్తానన్న భయమో నాకు తెలియదు. మనుషుల్ని ఏదైనా ముఖం మీదే అడగడం ఆ రోజు నుంచే నేర్చుకున్నాను, అందరినీ అడిగాను. ఈ ఒక్క మాట మాత్రం ఆయన్ని అడగలేకపోయాను.