మేడమ్‌గారి పటంలో సర్దుకుపోయేవాడు

గురువారం పొద్దున ఆఫీస్‌కి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. మేడమ్‌గారి అమ్మాయి. "అంకుల్, మమ్మీ పోయింది" అంది. నేను "అలాగేనమ్మా" అన్నాను. మనిషి పోయిందని చెబితే ఎవరైనా అలాగే అంటారా? నేనంటాను. దేనికైనా ముందు నా నోట వచ్చేది ఆ మాటే. ఆ మాట మాన్పించాలని మేడమ్‌గారు నాతో చాలా అవస్థ పడ్డారు.

మన ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్లలో చాలామందికి ఆవిడ వెంకటగిరి చీర కింద మంచు బూట్లు వేసుకుని, ఆదివారం మధ్యాహ్నం అద్దె చర్చి బేస్‌మెంట్‌లో పిల్లల చేత తెలుగు పాటలు పాడించే మనిషిగానే తెలుసు. ఇండియాలో కాలేజీలో సైకాలజీ చెప్పేవారు కాబట్టి అందరికీ మేడమే. మాది వేరే మతమైనా మా పాప బారసాలకి వచ్చి అందరికంటే గట్టిగా లాలిపాట పాడారు.

మిగతా రోజుల్లో ఆవిడ చేసే పని మాత్రం కొద్దిమందికే తెలుసు. కారు విడిభాగాల కంపెనీల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోని టీమ్‌లని ఒక గదిలో కూర్చోబెట్టి, ఎవరి స్వభావం ఏమిటో, ఎవరితో ఎలా మెలగాలో నేర్పేవారు. ఆవిడ లెక్కలో మనుషులు నాలుగు రకాలు: ముందుకు దూకేవాళ్లు, సందడి చేసేవాళ్లు, ఆచితూచి నడిచేవాళ్లు, సర్దుకుపోయేవాళ్లు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో కూడా ఆ పిచ్చి పోయేది కాదు. పులిహోర గిన్నె దగ్గర నిలబడి, "అదిగో, అడక్కుండా గరిటె లాక్కున్నాడే, వాడు దూకేవాడు. ఈయన చిటికెడు రుచి చూసిగానీ వేసుకోడు, ఆచితూచి రకం" అని నా చెవిలో చెప్పేవారు.

"మరి నేను మేడమ్?"

"నువ్వా? గిన్నె ఖాళీ అయ్యాక వచ్చి నాకసలు ఆకలే లేదంటావు."

ఎనభైల మొదట్లో ఆవిడ మా ఆఫీస్‌కే వచ్చారు. మేం బ్రేకుల డ్రాయింగులు గీసేవాళ్లం, ఎనిమిది మందిమి. రెండు జట్లుగా విడిపోయి మాటల్లేక, డ్రాయింగులు తప్పులతో బయటికి పోతున్న రోజులు. మేడమ్‌గారు ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బా నిండా చెక్కిన పెన్సిళ్లు తెచ్చి తలా ఒకటి ఇచ్చారు. పెన్నులు వద్దన్నారు, మనసు మారితే చెరుపుకోవాలట. ఫారంలో ఒక్కో వరసకి నాలుగు మాటలుంటాయి. నాకు బాగా నప్పే మాట పక్కన టిక్కు పెట్టాలి. "నింపి ఇచ్చిన కాగితాలు ఈ గది దాటవు, పూచీ నాది" అని ఇంగ్లీషులో అందరికీ చెప్పారు. పూర్తికానివాళ్లు ఇంటికి తీసుకెళ్లి నింపి తెమ్మన్నారు.

నేను ఇంటికి పట్టుకెళ్లాను. నేను తెలివైనవాణ్ణి, నేను ధైర్యవంతుణ్ణి అని నా గురించి నేనే టిక్కులు పెట్టుకోడానికి చెయ్యి రాలేదు. డ్రాయింగ్‌లో తప్పుంటే ఎవరితోనైనా కొట్లాడతాను. మేనేజర్‌తోనే మూడు వారాలు వాదించి ఒక బ్రేకు డిజైన్ మార్పించాను. నా గురించంటే మాత్రం నోరు పెగలదు. మా ఆవిణ్ణి నింపమన్నాను.

ఆవిడ డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ధైర్యం, చొరవ లాంటి మాటలన్నీ దాటేసింది. "మొగుణ్ణి నలుగురిలో పొగుడుకుంటే ఏం బావుంటుందండీ?" అంది. ఒకచోట ఆగి, "అకామడేటింగ్ అంటే?" అని అడిగింది. సర్దుకుపోవడం అన్నాను. మొహం వెలిగిపోయింది. మా పెళ్లిచూపులప్పుడు మధ్యవర్తి మా మామగారితో చెప్పిన మాట అది: అబ్బాయి సర్దుకుపోయే మనిషండీ. మన వైపు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంది? మిగతా వరసలన్నిటిలోనూ దానికి దగ్గర మాటలే వెతికి పెట్టింది.

తరవాతి వారం మేడమ్‌గారు గోడకి పెద్ద కాగితం అంటించారు. ఒక వృత్తం, నాలుగు ముక్కలు, ముక్కకి ఇద్దరేసి పేర్లు. సర్దుకుపోయే ముక్కలో నేనూ, రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డ ఒక పెద్దాయనా. నిజం చెప్పాలి, ఆ పటం పనిచేసింది. రెండు జట్లూ మాట్లాడుకున్నాయి. నాకైతే విడిగా పాఠం. ఆవిడ కార్‌లో ఇంటికి వస్తుంటే "నాకు వద్దు" అని పదిసార్లు అనిపించేవారు. "నీకేం కావాలో నువ్వు చెప్పకపోతే పక్కవాడు ఊహించుకుంటాడు బాబూ. వాడి ఊహ వాడికే అనుకూలంగా ఉంటుంది" అనేవారు.

ఆ ఏడు కార్ల అమ్మకాలు పడిపోయాయి. ఎనిమిది మందిలో ఇద్దర్ని తీసెయ్యాలన్నారు. మేనేజర్ నన్ను పిలిచాడు. టేబుల్ మీద ఆ పటం కాపీ ఉంది. "నువ్వు అర్థం చేసుకుంటావని తెలుసు, నీ షీట్ కూడా అదే చెబుతోంది" అన్నాడు. గ్రీన్ కార్డ్ కాగితాలు ఆ కంపెనీ ద్వారానే నడుస్తున్నాయి, ఉద్యోగంతో పాటు అవీ పోతాయి. నేను థాంక్యూ చెప్పి బయటికి వచ్చాను. రెండోవాడు ఎవరో చెప్పక్కర్లేదు. సర్దుకుపోయే ముక్క మొత్తం ఖాళీ అయింది.

ఆ శనివారం మేడమ్‌గారు మా ఇంటికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"గది దాటవని చెప్పి పటం కాపీ మేనేజర్‌కి నేనే ఇచ్చాను. టీమ్ బాగుపడిందని పైవాళ్లకి చూపిస్తానంటే నమ్మాను" అన్నారు. "ఇంకొకటుంది. ఫారం నువ్వు నింపలేదని నాకు ఆరోజే తెలుసు. నువ్వు టిక్కు పెడితే స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. అందులోవి ముగ్గు చుక్కల్లా ఉన్నాయి. అడుగుదామనుకున్నాను. నువ్వు ఆ ముక్కలో పడితే ఇద్దరేసి చొప్పున పటం నిండుతుంది. అది చూసి మురిసిపోయి ఊరుకున్నాను."

వంటింటి గుమ్మంలో మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఫర్వాలేదు మేడమ్" అన్నాను.

"ఎందుకు ఫర్వాలేదు? తిట్టవయ్యా నన్ను!"

"కాఫీ తాగుతారా?"

ఆవిడ తాగకుండానే వెళ్లిపోయారు. సోమవారం వెళ్లి మేనేజర్‌తో ఆ ఫారం చెల్లదని చెప్పారట, అతను వినలేదట. ఫోన్‌లో చెబితే అలాగే అన్నాను.

ఐదు నెలలు ఖాళీగా ఉన్నాను. తరవాత గంటన్నర దూరంలో ఉద్యోగం దొరికింది. గ్రీన్ కార్డ్ మళ్లీ మొదటినుంచి. మా ఆవిడ ఆ తరవాత ఎవరి ముందూ నా గురించి ఒక్క మాట చెప్పలేదు, మంచీ చెడూ కూడా. మేడమ్‌గారు ఆ పని మానలేదు గానీ, ఫారాలు పోగుచెయ్యడం మానేశారు. ఎవరి కాగితం వాళ్ల జేబులోనే. నాకు మేనేజర్ మీదకంటే ఆవిడ మీదే ఎక్కువ కోపం. అతనికి నేనెవరో తెలీదు, ఆవిడకి తెలుసు. ఏడేళ్లపాటు ఆ కోపంతోనే పాట్‌లక్‌లకి వెళ్లాను, నవ్వుతూ ఆవిడ చేత వడ్డించుకున్నాను.

మేడమ్‌గారికి జబ్బు ముదిరిందని తెలిసి, పోయిన ఆదివారం చూడ్డానికి వెళ్లాను. సగానికి సగం అయిపోయారు. గుమ్మం దగ్గరే నిలబడి, ఒంట్లో ఎలా ఉందని అడగబోయి, "మేడమ్, మీమీద నాకు కోపం ఉంది. ఏడేళ్లనించీ" అనేశాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆవిడ కళ్లు మూసుకున్నారు. "హమ్మయ్య" అన్నారు. "ఇప్పుడు కూర్చో."

ఆ ఐదు నెలలూ చెప్పాను. మా ఆవిడ సంగతి చెప్పాను. తెలిసి ఊరుకున్నారు చూడండి, అదే మింగుడు పడలేదన్నాను. మధ్యలో ఒక్కసారీ అడ్డు రాకుండా విన్నారు. చెప్పాల్సింది ఇంకో సగం కూడా ఉంది. నాకు అన్యాయం చేసినవాళ్లలో మా గుమ్మం ఎక్కి, తప్పు నాదని చెప్పింది ఆవిడొక్కరే. ఆ కోపం చెప్పుకునే నోరు కూడా ఆవిడ ఇచ్చిందే. కానీ ఆవిడ అలిసిపోయారు. అదేదో వచ్చే ఆదివారం చెబుదాంలే అనుకుని లేచాను.

కారు స్టార్ట్ చేశాక చూస్తే, ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చి ఉన్నారు. ఒక చెయ్యి అద్దానికి ఆనించి, నావైపే చూస్తూ ఏదో చెబుతున్నారు. తలుపు వేసి ఉంది, ఇంజన్ మోగుతోంది. దిగి వెళ్లి అడగొచ్చు. వినపడినట్టే తలూపి, కారు వెనక్కి తీశాను.